ఇంటివాళ్ళు తప్ప

మా అన్నయ్య లోవరాజు నాకు నాలుగువందల పదకొండు సార్లు 'అందింది బుల్లీ' అని రాశాడు. మొదట్లో అక్షరాలు తప్పులు పోయేవి. యాభయ్యోసారికి చేయి తిరిగింది. మగ్గం మీద రోజంతా కూర్చుంటే జానెడు చీర నేసే మనిషికి ఓపికకేం లోటు? అందుకే మా ఆఫీసు పరీక్ష సందేశాలకి అన్నయ్య నెంబరు ఇచ్చాను. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

ఉప్పాడ తీరంలో సముద్రం తీరు మారిపోయిన రోజులవి. తుఫాను ఉండదు, గాలి ఉండదు, ఎండ చక్కగా కాస్తూ ఉంటుంది. ఉన్నట్టుండి నీళ్ళు లేచి బీచ్ రోడ్డు మీదికి వస్తాయి. పది నిమిషాలుండి, రోడ్డు మీద ఏముంటే అది పట్టుకుని వెళ్ళిపోతాయి. జాలర్లు దానికి దొంగపోటు అని పేరు పెట్టారు. సముద్రంలో తేలే పరికరాలు గంట ముందే కనిపెట్టేవి. కానీ కనిపెట్టి ఏం లాభం? సైరన్ మోగగానే మూడు ఊళ్ళ జనం ఒకేసారి రోడ్డెక్కేవారు. మొదటి ఏడాది నీళ్ళలో పోయినవాళ్ళు ముగ్గురైతే తోపులాటలో పోయినవాళ్ళు తొమ్మిదిమంది. రెండో ఏడాదికి సైరన్ నాన్నా పులి కథ అయిపోయింది. ఎంత మోగినా జనం తల తిప్పి చూడటం మానేశారు.

నేను కాకినాడలో ఒక కంపెనీలో లైబ్రరీ మీద పని చేస్తాను. ఈ మాట చెప్పినప్పుడు వదిన పుష్పవతి నాది పుస్తకాలు సర్దే ఉద్యోగం అనుకుంది, చాలాకాలం. మా లైబ్రరీ అంటే వేరే కంపెనీలు కూడా వాడుకునేలా రాసిపెట్టిన కంప్యూటర్ ప్రోగ్రాముల కట్ట. దాని పని ఫోన్లకి సందేశాలు పంపడం. ఎవరెవరికి పంపాలో ముందు ఒక గుంపు కట్టాలి. దాన్ని మేం సెగ్మెంట్ అంటాం. షరతుల మీద షరతులు పేర్చుకుంటూ పోవాలి. ఫలానా ఊళ్ళో ఉన్నవాళ్ళు, వాళ్ళలో మళ్ళీ ఫలానా వయసువాళ్ళు, వాళ్ళలో ఫలానావాళ్ళు తప్ప. చీరల కొట్లకీ సబ్బుల కంపెనీలకీ ఏళ్ళ తరబడి అలాంటి గుంపులు కట్టి పెట్టాను.

నిజానికి ఈ పని నాకు చిన్నప్పుడే వచ్చు. మాది జాందానీ నేసే ఇల్లు. బుటా గీసిన కాగితం పడుగు కింద పెట్టుకుని, ఏ పోగులు ఎత్తాలో ఏవి వదలాలో ఒక్కొక్కటే వేలితో ఏరాలి. ఒక మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. పదో తరగతి దాకా అన్నయ్య పక్కన కూర్చున్నది నేను. నేను కాలేజీకి వెళ్ళాక నా చోట్లోకి వదిన వచ్చింది.

దొంగపోటు మూడో ఏడాది హెచ్చరికలు పంపే పని మా కంపెనీకి వచ్చింది. దానికోసం నేను మా సెగ్మెంట్‌కి ఒక కొత్త షరతు రాశాను. మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడని కాకుండా, ఇంకో గంటకి ఎక్కడ ఉండబోతున్నాడని అడిగే షరతు. ఫోను మూడేళ్ళుగా ఎక్కడెక్కడ తిరిగిందో చూసి, అది ఇవాళ ఎటు పోతుందో చెప్పే లెక్క. మనుషులు ఎంత స్వతంత్రులమని అనుకుంటారో అంత కాదని ఆ లెక్క రాస్తున్నప్పుడు తెలిసింది. గానుగెద్దు కూడా మనకంటే రెండు అడుగులు ఎక్కువే పక్కకి వేస్తుంది.

మొదట పరీక్షించింది అన్నయ్య మీదే. ఒక బుధవారం సాయంత్రం ఇంటికి వెళ్ళినప్పుడు మగ్గం పక్కన కూర్చుని చెప్పాను.

"అన్నయ్యా, రేపు పదకొండున్నరకి నువ్వు సుబ్బంపేటలో అప్పన్న టీ కొట్టు దగ్గర ఉంటావు."

"సోది చెప్తున్నావేంటే? బుట్టా కర్రా ఏవీ మరి?" అన్నాడు తల ఎత్తకుండా.

"పందెం."

మర్నాడు పదకొండూ ముప్పైరెండుకి ఫోన్ చేశాడు. "ఇక్కడే ఉన్నానే బాబూ. ఆగకుండా ఎల్లిపోదామని గట్టిగా అనుకునే బయల్దేరాను. అల్లం వాసన లాగేసింది. నీ మిషనుకి ఇంత తేలిగ్గా దొరికిపోయానేంటే." వెనకనించి అప్పన్న నవ్వడం వినిపించింది. అన్నయ్య ప్రతి గురువారం నేసిన చీరలు నీలం పట్టాలో చుట్టి, టీవీఎస్ బండి మీద కాకినాడ కొట్లో ఇచ్చి వస్తాడు. పన్నెండేళ్ళుగా అదే దారి.

ఆ ఆదివారం అన్నయ్యకి మొత్తం విడమరిచి చెప్పాను. పోటు వచ్చే వేళకి ఆ రోడ్డు మీద ఉండబోయేవాళ్ళకి మాత్రమే ఫోన్ మోగుతుంది. మిగతా ఊరికి తెలియనే తెలియదు. పరుగులుండవు, తోపులాట ఉండదు.

అన్నయ్య కండె పక్కన పెట్టాడు. "అయితే పక్కోడికి మోగి నాకు మోగలేదనుకో?"

"నీకు భయం లేదని."

"బాగుందే. దేవుడు కూడా ఇంత విడివిడిగా చెప్పడు," అన్నాడు. ఆ మాటకి నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను.

మా ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తది ఏది రాసినా ముందు మా ఇళ్ళకి పంపుకుని చూసుకుంటాం. బయటివాళ్ళకి తప్పుడు సందేశం వెళితే ఫిర్యాదు చేస్తారు. ఇంట్లోవాళ్ళయితే రెండు తిట్లు తిట్టి ఊరుకుంటారు. అందుకని ఉద్యోగంలో చేరగానే ఎవరైనా తమవాళ్ళ నెంబర్లు ఇవ్వాలి. ఆ గుంపు పేరు 'ఇంటివాళ్ళు'. మావి మొత్తం ముప్పైనాలుగు నెంబర్లు. రోజూ ఉదయం పదింటికి వాటికి 'ఇది పరీక్ష మాత్రమే' అని వెళుతుంది. ముప్పైముగ్గురూ వారం తిరిగేసరికి దాన్ని పట్టించుకోవడం మానేశారు. రోజూ జవాబు రాసింది అన్నయ్య ఒక్కడే. 'అందింది బుల్లీ. మగ్గానికి అచ్చు కట్టడం అయింది.' 'అందింది బుల్లీ. వదినకి జలుబు.' పరీక్ష సందేశానికి జవాబు అక్కర్లేదని చెప్పాను. "నువ్వు పొద్దున్నే పలకరిత్తే నోరు మూసుకుని ఊరుకోనా?" అన్నాడు.

ఆగస్టులో ఈ హెచ్చరికలకి ప్రారంభోత్సవం పెట్టారు. పెద్దవాళ్ళు వస్తారు, గోడంత తెర మీద అంకెలు కనిపిస్తాయి, ఎంతమందికి పంపామో ఎంతమందికి చేరిందో రెండూ సరిపోవాలి. ముందురోజు రిహార్సల్‌లో సరిపోలేదు. ఇంటివాళ్ళకి రెండేసి సార్లు వెళ్ళింది, ఒకటి పరీక్ష, ఒకటి అసలుది. ఉప్పాడలో వదిన ఫోను వరసగా మోగేసరికి పాపం బిందె కింద పడేసి వీధిలోకి పరుగెత్తిందట. అన్నయ్య ఫోన్ చేసి మెల్లగా మందలించాడు.

మా పెద్దాయన రంగారావు గారు నా కుర్చీ వెనక నిలబడ్డారు. "మన వాళ్ళని తీసేయండి సత్యవేణీ. రేపొక్కరోజుకి."

ఒక్క వరస. ప్రమాదంలో ఉండబోయేవాళ్ళందరూ, ఇంటివాళ్ళు తప్ప. అర నిమిషం పట్టింది. వదిన మళ్ళీ కంగారుపడదని కూడా అనుకున్నాను. పసుపు చీటీ మీద 'ఇంటివాళ్ళు, రేపు తిరిగి కలపాలి' అని రాసి కంప్యూటర్ అంచుకి అంటించాను. మర్నాడు దండలు, ఫొటోలు, మైసూర్‌పాకులు. ఆ మర్నాడు ఇంకేదో పని. చీటీ అలాగే ఉంది. కళ్ళకి అలవాటైపోయి కనిపించడం మానేసింది. దసరాకి ఆయుధపూజ చేస్తాం కదా, కంప్యూటర్లన్నీ తడిగుడ్డతో తుడిచి బొట్లు పెడతాం. నా కంప్యూటర్ నేనే తుడిచాను. అంచున బొట్టుకి చోటు కావాలని ఆ చీటీ పీకి, నలిపి, బుట్టలో వేశాను. పసుపూ కుంకుమా పెట్టి దణ్ణం కూడా పెట్టుకున్నాను.

కార్తీకమాసం రెండో గురువారం. ఉదయం పదింటికి పరీక్ష వెళ్ళింది. జవాబు వచ్చింది. 'అందింది బుల్లీ. ఇయ్యాల కాకినాడ వత్తున్నాను. వదిన కొబ్బరి లౌజు ఇచ్చింది. మధ్యాన్నం నీ ఆఫీసు కాడికి వత్తాను.' డబ్బా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని ఏదైనా కొనాలనుకున్నాను.

పదిన్నరకి సముద్రంలో పరికరాలు మోగాయి. పోటు పదకొండూ యాభైకి రోడ్డు ఎక్కుతుంది. పది నలభైకల్లా గుంపు కట్టింది నా లెక్క. తెర మీద ఆరువందల నలభైఒక్కటి అని పడింది. అంతమందికీ పంపింది. అంతమందికీ చేరింది. పోటుకి పావుగంట ముందు అవే ఫోన్లు ఇంకోసారి మోగుతాయి. గదిలో అందరం నిలబడిపోయాం.

కెమెరాలో బీచ్ రోడ్డు కనిపిస్తోంది. ఒక బస్సు ఆగి వెనక్కి తిరిగింది. ఆటోలు పిఠాపురం దారికి మళ్ళాయి. గొర్రెల మంద ఒకటి దిబ్బ ఎక్కింది. సైరన్ లేదు, కేక లేదు. పదకొండూ నలభైకల్లా అంత పొడుగు రోడ్డూ ఖాళీ అయింది. రంగారావు గారు కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను, దాచడం ఎందుకు.

అప్పుడు దూరంగా ఒక బండి కనిపించింది. చీమంత. వెనక ఏదో మూట.

"చెప్పినా వినని వాళ్ళు ఉంటారు," అన్నారు రంగారావు గారు.

"పోయేకాలం వస్తే ఎవరు ఆపగలరండీ," అన్నాను నేను.

అలాగే అన్నాను. మూట నీలంగా ఉందా అని చూడలేదు. గురువారం అని తెలుసు, పదకొండున్నర దాటిందని తెలుసు, కొబ్బరి లౌజు వస్తోందని తెలుసు. అయినా అన్నయ్య అయి ఉంటాడన్న ఊహే రాలేదు. అన్నయ్యకి ఫోన్ మోగి ఉంటుంది, అప్పన్న కొట్లో కూర్చుని రెండో టీ తాగుతూ ఉంటాడు అనుకున్నాను. నేను రాసిన దాని మీద నాకు అంత నమ్మకం. నీళ్ళు లేచాయి. దిగాక రోడ్డు మీద ఏమీ లేదు. ఒక్క ప్రాణం మినహా అందరూ క్షేమం అని ఎవరో పైవాళ్ళకి ఫోన్ చేసి చెబుతుంటే నేను నీళ్ళ సీసా మూత తీస్తున్నాను.

మూడు గంటల దాకా అన్నయ్య రాలేదు. ఫోన్ కలవలేదు. నాలుగింటికి సుబ్బంపేట నించి అప్పన్న చేశాడు. ఏం చెప్పాడో ఇక్కడ రాయను.

మూడో రోజున ఆఫీసుకి వెళ్ళాను. ఎవరూ రమ్మనలేదు. ఆ రోజు లెక్క తెరిచి చూశాను. ఎవరు ప్రమాదంలో ఉండబోతున్నారని మిషను మొదట తయారుచేసుకున్న జాబితాలో ఆరువందల నలభైరెండు పేర్లున్నాయి. రెండువందల పధ్నాలుగో పేరు లోవరాజు. సుబ్బంపేట దాటాక రెండో మలుపులో ఉంటాడని నిమిషంతో సహా రాసుంది. దాని కింద నా వరస. ఇంటివాళ్ళు తప్ప. దాని కింద ఆరువందల నలభైఒక్కటి.

రంగారావు గారు చూశారు. ఆ వరస మీద వేలు పెట్టి చదువుకున్నారు. తీసేయమన్నది ఆయనే. "ఫోన్ ఆఫ్‌లో ఉందని రిపోర్టులో రాద్దాం," అన్నారు చివరికి. "నీళ్ళలో పోయింది కదా, ఎవరూ అడగరు. వచ్చే నెల ఇంకా నాలుగు జిల్లాలకి పెడుతున్నారు. ఇది బయటికి వస్తే ఆపేస్తారు సత్యవేణీ. రేపు అక్కడ పోయే ప్రాణాలకి ఎవరు బాధ్యులు?"

ఆయన మాటలో అబద్ధం లేదు. అందుకే అక్కడికక్కడే కాదనలేకపోయాను. రిపోర్టు కాగితం సంచీలో పెట్టుకుని ఉప్పాడ వెళ్ళాను.

పదకొండో రోజు. చుట్టాలు భోజనాలు చేసి వెళ్ళారు. అప్పన్న గడప పక్కన కూర్చుని వదినకి చెబుతున్నాడు. నేను లోపల, మగ్గం గుంటలో, అన్నయ్య కూర్చునే చోట కాళ్ళు వేలాడేసి కూర్చున్నాను. మగ్గం మీద చీర సగంలో ఉంది. ఒక హంస బుటా మెడ దాకా వచ్చి ఆగింది.

"ఆ ఏళకి కొట్లో ఏడుగురున్నారమ్మా," అంటున్నాడు అప్పన్న. "ఏడుగురివీ ఒక్కసారే మళ్ళీ మోగాయి. అందరూ లేచిపోయారు. రాజుగారు తన ఫోను తీసి చూసుకున్నారు. చొక్కాకి తుడిచి మళ్ళీ చూసుకున్నారు. ఆగిపొండి బాబూ, పది నిమిషాల్లో ఏం మునిగిపోద్ది అన్నాను. నవ్వారమ్మా. 'మా బుల్లి రాసిన మిషను అప్పన్నా. ఎవరికి భయముంటే ఆళ్ళకే చెబుద్ది. నాకు చెప్పలేదంటే నాకేం లేదన్నమాట. సొంత అన్నయ్యని ముంచుతాదా?' అన్నారు. అందరికీ వినపడేలా అన్నారు. బండి ఎక్కి ఎల్లిపోయారు."

అప్పన్న వెళ్ళిపోయాక వదిన లోపలికి వచ్చి నా ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయి ఉంది. గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"వేణీ, ఒక్కటి చెప్పు. ఆయన ఆ దారిన ఎల్తాడని మీ మిషనుకి తెలీలేదా?"

ఫోన్ ఆఫ్‌లో ఉంది వదినా. నోటి దాకా వచ్చింది. ఆ మాట చెబితే మిషనుకి మచ్చ రాదు, నాకు రాదు, నాలుగు జిల్లాలూ బాగుంటాయి, ఆమెకీ ఒక సమాధానం దొరుకుతుంది. కానీ ఆ మాటతో తప్పు అన్నయ్యది అయిపోతుంది. పొద్దున పదింటికి జవాబు రాసిన మనిషి ఫోన్ ఆపుకుని తిరిగాడని ఊరంతా అనుకుంటుంది.

"తెలుసు వదినా."

"ఆగమని చెప్పాలనీ తెలుసా?"

"తెలుసు. చెప్పబోయింది. నేనే వద్దన్నాను."

మొత్తం చెప్పాను. ప్రారంభోత్సవం, అంకెలు, ఆమె కింద పడేసిన బిందె, పసుపు చీటీ, ఆయుధపూజ. కెమెరాలో చూసి నేనన్న మాట కూడా చెప్పాను. అది చెప్పనక్కర్లేదు. చెప్పకపోతే మిగతాది చెప్పినట్టు కాదనిపించింది.

వదిన తిట్టలేదు. శాపనార్థాలు పెట్టలేదు. పెడుతుందని కాచుకుని కూర్చున్నాను. చాలాసేపు ఆ హంస మెడ వంక చూసింది.

"లే," అంది.

అర్థం కాలేదు.

"అక్కణ్ణించి లే. అది ఆయన చోటు."

లేచాను. గుంటలోంచి పైకి రావడానికి చేయి ఆనించబోతే పడుగు మీద పడింది, రెండు పోగులు తెగాయి. వదిన వచ్చి, నన్ను పక్కకి తప్పించి, వాటిని ముడివేయడం మొదలుపెట్టింది. నేను ఎప్పుడు వెళ్ళిపోయానో ఆమె చూసినట్టు లేదు.

రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాశాను. రంగారావు గారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు, తీసేయమన్నది తనేనని ఒక వాక్యం ఆయనే చేర్చి సంతకం పెట్టారు. మిషను ఆపుతారని భయపడ్డాం, ఆపలేదు. ఆరువందల నలభైఒకటి పక్కన ఒకటి ఎంత? వాళ్ళ లెక్క వాళ్ళది. తర్వాత వచ్చిన ఏడు పోట్లలో ఒక్కరు కూడా పోలేదు. నేను రాసింది మంచిదే. అది నాకు తెలుసు, తెలియడం వల్ల మనసేమీ తేలికపడలేదు.

ఇప్పుడు మా లైబ్రరీలో 'తప్ప' అనే షరతు ఎవరు పెట్టబోయినా తీసేసే పేర్లన్నీ ఒక్కొక్కటే తెర మీదికి వస్తాయి. ప్రతి పేరూ చదివి సరే అంటేనే పని ముందుకు జరుగుతుంది. వెయ్యి పేర్లయితే వెయ్యి సార్లు. వాడేవాళ్ళు ఇది రాసినవాళ్ళెవరో గానీ అని తిట్టుకుంటూ మాకు ఉత్తరాలు రాస్తారు. తిట్టుకోనీ.

నెల తిరిగాక వదిన ఫోన్ చేసింది. అన్నయ్య నెంబరు నించి. కొత్త సిమ్ము మీద అదే నెంబరు తీసుకుంది. తెర మీద అన్నయ్య పేరే పడింది.

"మీ ఇంటివాళ్ళ జాబితా ఉంది కదా, ఈ నెంబరు అందులోంచి తీసేశావా?" అంది.

"లేదు వదినా. కొన్నాళ్ళు ఆపాను అంతే. తీసేయమంటావా?"

"వద్దు. పంపు. పదింటికి అది మోగితే ఆయన మగ్గం ఆపి కళ్ళజోడు ఎతుక్కునేవాడు. మోగకపోతే నాకు పొద్దు తెలవట్లేదు." వెంటనే, "నీతో మాటాడాలని కాదు," అని పెట్టేసింది.

రోజూ పంపుతున్నాను. ఇది పరీక్ష మాత్రమే. ఒక నిమిషంలో చదివినట్టు గుర్తు పడుతుంది. ఆమె ఫోను చేతిలోనే పెట్టుకుని కూర్చుంటుందని నా లెక్క చెబుతుంది. జవాబు మాత్రం రాయదు. రాయదని తెలుసు. అయినా పదీ అయిదు దాకా వేరే పని ముట్టుకోకుండా ఆ నెంబరు వంకే చూస్తూ కూర్చుంటాను.